జో గారి కొట్టులో ఏముందండీ? ఏమీ లేదు!

అమెరికాలో తెలుగువాళ్ళ శనివారానికి ఒక రూటు మ్యాపు ఉంటుంది. పొద్దున్నే కాస్ట్‌కోలో పాలు, పేపర్ టవల్స్, ఎన్నాళ్ళు వాడినా అయిపోని సైజు నూనె డబ్బా. తర్వాత ఇండియన్ స్టోర్‌లో సోనా మసూరి బస్తా, కందిపప్పు, దొండకాయలు, కరివేపాకు. నిజానికి వారానికి సరిపడా సరుకులన్నీ ఈ రెండు చోట్లా అయిపోయాయి. బండి ఇంటికి తిప్పొచ్చు. కానీ చాలా ఇళ్ళలో బండి మూడో చోట ఆగుతుంది. "ఏవండీ, ఎలాగూ దార్లోనే కదా, ఒక్క పది నిమిషాలు ట్రేడర్ జోస్‌లోకి వెళ్ళొద్దాం" అంటుంది మా ఆవిడ. ఆ పది నిమిషాలు ఎప్పుడూ పది నిమిషాలు కావు. పైగా నేనూ వద్దనను. మిగతా రెండు చోట్లకీ సరుకుల కోసం వెళ్తాం, ఇక్కడికి మాత్రం సరదాగా వెళ్తాం. కిరాణా కొట్టుకి సరదాగా వెళ్ళడమేమిటండీ, అదేమైనా సినిమా హాలా?

ఈ ప్రశ్న నన్ను వదలకపోవడానికి ఒక కారణం ఉంది. నా ఉద్యోగం అలాంటిది. షాపింగ్ సైట్లకి సెర్చ్, ఫిల్టర్లు, "ఇది కొన్నవాళ్ళు అదీ కొన్నారు" అని చెప్పే రికమండేషన్లు తయారుచేసే టీముల్లో చాలా ఏళ్ళ నుంచి పనిచేస్తున్నాను. మా పరిశ్రమ మనసా వాచా నమ్మే సూత్రాలు మూడున్నాయి. ఒకటి, కస్టమరుకి ఎన్ని ఎక్కువ రకాలు చూపిస్తే అంత మంచిది. రెండు, కస్టమరు గురించి మనకి ఎంత ఎక్కువ తెలిస్తే అంత ఎక్కువ అమ్మొచ్చు. మూడు, కస్టమరు ఇంకో మనిషితో మాట్లాడే అవసరం ఎంత తగ్గిస్తే వాడు అంత సుఖపడతాడు. ట్రేడర్ జోస్ ఈ మూడిట్లో ఒక్కటీ పాటించదు. మరి ఆ కొట్టు ముందు పార్కింగ్ ఎందుకు దొరకదు? దీనికి సమాధానం చెప్పుకోలేకపోతే, నెల నెలా జీతం తీసుకుంటున్న పని మీద నాకే అనుమానం రావాలి. వచ్చింది కూడా. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఆ కొట్టులో లేనివాటి లిస్టు చెప్తాను. మెంబర్‌షిప్ కార్డు లేదు. పాయింట్లు లేవు. కూపన్లు లేవు. "ఈ వారం మాత్రమే" అంటూ ఊరించే సేల్ లేదు. మనమే స్కాన్ చేసుకుని, మనమే సంచిలో వేసుకుని, మనకి మనమే థాంక్యూ చెప్పుకునే మెషిన్లు లేవు. ఆన్‌లైన్ ఆర్డర్లు లేవు. న్యూయార్కులో కొన్ని షాపుల నుంచి సరుకులు ఇంటికి పంపే ఏర్పాటు ఉండేది, 2019లో దాన్నీ ఎత్తేశారు. 2020లో కరోనా వచ్చి దేశమంతా ఆన్‌లైన్ కిరాణా మీద పడ్డప్పుడు కూడా వీళ్ళు పంతం వదల్లేదు. పెద్ద పెద్ద బ్రాండ్ల చిప్సూ, కూల్‌డ్రింకులూ దాదాపు కనపడవు. షాపు కూడా చిన్నదే, మామూలు సూపర్ మార్కెట్లో మూడో వంతో నాలుగో వంతో ఉంటుంది.

ఇక ఉన్నవేమిటయ్యా అంటే, పువ్వుల పువ్వుల హవాయి చొక్కాలు వేసుకున్న సిబ్బంది. వాళ్ళని ఉద్యోగులు అనరు, ఓడ మీద లాగ "క్రూ" అంటారు. షాపు మేనేజరు "కెప్టెన్". మైకులో అరుపులు లేకుండా, కౌంటర్ల దగ్గర ఓడ గంటలు. ఒకసారి కొడితే ఇంకో కౌంటరు తెరవాలని, రెండుసార్లు కొడితే కౌంటరు దగ్గర ఏదో సందేహం ఉంది ఎవరైనా రండని, మూడుసార్లు కొడితే పెద్దవాళ్ళెవరో రావాలని అర్థం. గోడల మీద చేత్తో వేసిన బొమ్మలు, చేత్తో రాసిన ధరల బోర్డులు. "ఫియర్‌లెస్ ఫ్లయర్" అని ఒక కరపత్రం. దాన్నిండా పాతకాలపు బొమ్మలు, వాటికి కొంటె వ్యాఖ్యలు. ఆ బొమ్మల వెనక రహస్యమేమిటంటే, అవి కాపీరైటు తీరిపోయిన పాత పుస్తకాల్లోవి, కాబట్టి ఉచితం :-)

చూడ్డానికి ఇదంతా గిమ్మిక్కులా ఉంటుంది. కానీ ఉత్త గిమ్మిక్కే అయితే పోటీవాళ్ళు ఈపాటికి కాపీ కొట్టేసి ఉండేవాళ్ళు కదా? పువ్వుల చొక్కాలు కుట్టించడం ఎంతసేపు! అసలు సంగతి ఎక్కడుందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

జో కులోంబ్ అనే ఆయన స్టాన్‌ఫర్డులో ఎంబీయే చదివి, రెక్సాల్ అనే మందుల షాపుల కంపెనీలో చేరాడు. ఆ కంపెనీ తరఫున 1958లో లాస్ ఏంజలెస్ ప్రాంతంలో ప్రోంటో మార్కెట్లు అనే చిన్న చిన్న షాపులు మొదలుపెట్టి, 1962లో వాటిని తనే కొనేసుకున్నాడు. ఇంతలో సెవెన్ ఇలెవెన్ కాలిఫోర్నియాలోకి దిగింది. వాళ్ళ డబ్బు ముందు, వాళ్ళ సైజు ముందు తను నిలబడలేడని జోకి అర్థమైపోయింది. మనబోటివాళ్ళమైతే అప్పుడు "మనమూ వాళ్ళలాగే చేద్దాం, కాకపోతే ఇంకొంచెం చవగ్గా" అంటాం. ఆయన వేరేగా ఆలోచించాడు.

పేపర్లలో చదివిన రెండు విషయాలు ఆయనకి తగిలాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైనికులకి ప్రభుత్వం చదువు చెప్పించడం వల్ల కాలేజీకి వెళ్ళేవాళ్ళ సంఖ్య బాగా పెరుగుతోంది. బోయింగ్ 747 వస్తోంది, దాంతో విదేశీ ప్రయాణం మధ్యతరగతికి అందుబాటులోకి వస్తుంది. అంటే, బాగా చదువుకుని, నాలుగు ఊళ్ళు తిరిగి, కొత్త రుచులు తెలిసి, జేబులో మాత్రం అంత డబ్బు లేనివాళ్ళు ఒక కొత్త జాతిగా తయారవుతున్నారు. టీచర్లు, సంగీతం వాయించేవాళ్ళు, పేపర్లలో రాసేవాళ్ళు. "చదువెక్కువ, జీతం తక్కువ" అన్నది ఆయన వాళ్ళకి పెట్టిన నిర్వచనం. వాళ్ళ కోసమే 1967లో పాసడీనాలో మొదటి ట్రేడర్ జోస్ తెరిచాడు. మన ఐటీ వాళ్ళు ఈ నిర్వచనంలోకి వస్తారా అంటే, మొదటి సగం ఖాయంగా వస్తారు. రెండో సగం పక్క క్యూబ్‌లో వాడి జీతం తెలిసినప్పుడల్లా వస్తుంది :-)

ఆయన తెలివికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కోడిగుడ్లది. అప్పట్లో ఒక గుడ్ల వ్యాపారి దగ్గర బాగా పెద్ద సైజు గుడ్లు మిగిలిపోయాయి. పెద్ద సూపర్ మార్కెట్లు వాటిని తీసుకోవు. ఎందుకంటే ఆ సైజు గుడ్లు ఏడాది పొడుగునా, అన్ని షాపులకీ సరిపడా దొరకవు. వందల షాపులున్నవాడికి అదొక తలనొప్పి. జోకి ఉన్నవి గుప్పెడు షాపులు. ఆయన వాటిని మామూలు పెద్ద గుడ్ల ధరకే అమ్మి జనాన్ని రప్పించుకున్నాడు. పెద్దవాడికి అడ్డంకి అయిన విషయమే చిన్నవాడికి ఆయుధం అయింది. ఎప్పుడూ దొరకనిదాన్ని దొరికినప్పుడు కొనడం, అయిపోతే "అయిపోయిందండీ" అని నిర్మొహమాటంగా చెప్పడం. ఇవాళ్టికీ ఆ కొట్టు స్వభావంలో ఇది కనిపిస్తుంది.

1979లో ఆయన కంపెనీని జర్మనీలో ఆల్డి నడిపే అన్నదమ్ముల్లో ఒకరైన థియో ఆల్బ్రెక్ట్‌కి అమ్మేశాడు. 1988 దాకా తనే నడిపించాడు, 2020లో 89వ ఏట పోయాడు. అమెరికాలో మనం చూసే ఆల్డి షాపులు రెండో అన్నదమ్ముడి వైపు కంపెనీవి. ఆస్తి పంపకాలు మన ఊళ్ళలోనే కాదన్నమాట.

సరే, చరిత్ర అయింది. ఇప్పుడు లెక్కలు. మామూలు అమెరికన్ సూపర్ మార్కెట్లో 30 వేలకి పైగా రకాల వస్తువులుంటాయి. ట్రేడర్ జోస్‌లో సుమారు 4 వేలు. అందులో ఐదింట నాలుగొంతులు సొంత పేరు మీద అమ్మేవే. అయినా 2010లో ఫార్చ్యూన్ పత్రిక వేసిన అంచనా ప్రకారం చదరపు అడుగుకి వాళ్ళ అమ్మకం 1,750 డాలర్లు, హోల్ ఫుడ్స్‌కి రెట్టింపు పైమాటే. తక్కువ రకాలు పెట్టి ఎక్కువ అమ్మడం ఎలా సాధ్యం?

ఇక్కడ అందరూ చెప్పే కథ ఒకటుంది. షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో ఒక కిరాణా షాపులో జామ్ సీసాలు రుచికి పెట్టారు. 24 రకాలు పెట్టినప్పుడు ఆగి చూసినవాళ్ళలో కొన్నది 3 శాతం మందే. 6 రకాలు పెట్టినప్పుడు 30 శాతం మంది కొన్నారు. 2000లో అచ్చయిన ఈ జామ్ కథ వినని ప్రోడక్ట్ మేనేజరు ఉండడు. మీటింగుల్లో నేను కనీసం డజను సార్లు విని ఉంటాను. కానీ రెండో సగం ఎవరూ చెప్పరు. 2010లో వేరే పరిశోధకులు ఇలాంటి 50 ప్రయోగాల్ని కలిపి లెక్కేస్తే సగటున తేడా దాదాపు సున్నా అని తేలింది. కొన్నిచోట్ల రకాలు తగ్గిస్తే కొనుగోళ్ళు పెరిగాయి, కొన్నిచోట్ల పెంచితే పెరిగాయి.

అంటే రకాలు తగ్గించడమే మంత్రం అనుకుంటే పొరపాటు. నెల్లూరు బస్టాండులో బడ్డీ కొట్టులో కూడా రకాలు తక్కువే, దాన్ని చూడ్డానికి ఎవరూ ఊళ్ళు దాటి రారు. విషయం ఏమిటంటే, ఆ 4 వేల వస్తువుల్ని ఎవరు ఏరారు, ఎందుకు ఏరారు అన్నది. చాలా సూపర్ మార్కెట్లు అలమారలో చోటివ్వడానికి కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటాయి. మన కంటికి ఎదురుగా ఉన్న అలమారలో ఏ కార్న్‌ఫ్లేక్స్ ఉండాలో నిర్ణయించేది చాలాసార్లు ఆ డబ్బే. ట్రేడర్ జోస్ ఆ డబ్బు తీసుకోదు. కొత్త వస్తువు రావాలంటే వాళ్ళ ఆఫీసులో రుచిచూసే బృందం ఒప్పుకోవాలి. వచ్చాక సరిగా అమ్ముడుపోకపోతే నిర్దాక్షిణ్యంగా తీసేస్తారు. మన భాషలో చెప్పాలంటే, ఎవరూ వాడని ఫీచరు కోడ్‌బేస్‌లో పడి ఉండదు. ఎవడో ఒకడు మన తరఫున తిని, బాగాలేనివి బయటే ఆపేశాడు అన్న భరోసా మీద మనం బుట్ట నింపుకుంటాం. పన్నెండు రకాల వేరుశెనగ వెన్నల లేబుళ్ళు చదివే బాధ తప్పింది.

రెండో ఆకర్షణ మనుషులు. ఆ కొట్టులో అలమారలు సర్దడం చాలావరకు పగలే, కస్టమర్లు తిరుగుతుండగానే జరుగుతుంది. అందుకని ఎటు తిరిగినా ఒక పువ్వుల చొక్కా కనిపిస్తుంది. ఎవరికీ ఒకే పని ఉండదు. ఇందాక కౌంటరు దగ్గర బిల్లు వేసినవాడే ఇప్పుడు ఉల్లిపాయలు సర్దుతుంటాడు, మన ఫుల్ స్టాక్ డెవలపర్ల లాగ. వీళ్ళలో ఎవర్నైనా "ఇది ఎలా ఉంటుంది?" అని అడిగితే, చాలాసార్లు ప్యాకెట్ అక్కడికక్కడే విప్పి చేతిలో పెడతారు. చేస్తున్న పని ఆపి మాట్లాడతారు. జో ఈ విషయంలో మొదట్నించీ లెక్క వేసుకునే ఉన్నాడు. తన షాపులో పూర్తి టైము పనిచేసే మనిషికి కాలిఫోర్నియాలో మధ్యస్థ కుటుంబానికి వచ్చే ఆదాయమంత రావాలని నియమం పెట్టుకున్నాడు. మంచి జీతమిస్తే మనిషి ఉంటాడు, ఉన్న మనిషికి సరుకు తెలుస్తుంది, తెలిసినవాడు చెప్తే జనం కొంటారు. ఇందులో ఎక్కడా మెషిన్ లెర్నింగ్ లేదు, గమనించండి.

మూడోది ధర. కార్డున్నవాడికో రేటు, లేనివాడికో రేటు, యాప్ దించుకున్నవాడికి ఇంకో రేటు అనే గోల లేదు. బోర్డు మీద ఉన్నదే అందరికీ. దీని గురించి వాళ్ళే చెప్పుకునే అరటిపండు కథ ఒకటుంది. ఒకప్పుడు అక్కడ అరటిపళ్ళు నాలుగైదు కలిపి సంచుల్లో అమ్మేవాళ్ళు. 2001 నుంచి 2023 దాకా కంపెనీ అధిపతిగా ఉన్న డాన్ బేన్ ఒకసారి అరిజోనాలో, విశ్రాంత ఉద్యోగులు ఎక్కువగా ఉండే సన్ సిటీ షాపులో నిలబడి ఉన్నాడు. ఒక పెద్దావిడ అరటిపళ్ళ సంచులన్నీ చూసి, ఏదీ తీసుకోకుండా వెళ్ళిపోబోయింది. ఏమ్మా అని అడిగితే, నాలుగో పండు తినేదాకా నేను ఉంటానో లేదో నాయనా అందట. ఆ తర్వాత నుంచి అరటిపళ్ళు విడిగా, ఒక్కోటి 19 సెంట్లకి అమ్మడం మొదలుపెట్టారు. ఇరవయ్యేళ్ళకి పైగా ఆ ధర కదల్లేదు. 2024లో 23 సెంట్లయింది.

మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఆయనకి ఈ కొట్టు చూపించాను. పువ్వుల చొక్కాలు ఆయన్ని కదిలించలేదు. అరటిపళ్ళ దగ్గర మాత్రం ఆగి, "ఒరేయ్, ఇక్కడ పండు విడిగా ఇస్తున్నార్రా, మన వీధి చివర కొట్లో గెల వేలాడదీసి ఇచ్చినట్టు" అన్నారు. తర్వాత కౌంటరు దగ్గర ఉన్న అబ్బాయి ఆయన్ని పలకరించి, మేము కొన్న చీజ్ ప్యాకెట్ చూసి "ఇది మీకు ఉప్పగా అనిపించొచ్చు, పక్కనున్నది బాగుంటుంది" అని వెళ్ళి మార్చి తెచ్చాడు. మార్చి తెచ్చింది రెండు డాలర్లు తక్కువది. బయటికొచ్చాక మా నాన్నగారు ఒకటే మాటన్నారు: "వద్దని చెప్పేవాడి దగ్గరే కొనాల్రా."

నేను వెతుకుతున్న సమాధానం అదే అనిపించింది. మా వీధి చివర శెట్టిగారి కొట్టులో చింతపండు అడిగితే "ఇవాళ వచ్చింది బాలేదు బాబూ, సోమవారం కొత్తది వస్తుంది, అప్పుడు తీసుకో" అనేవాడు. కొత్త బియ్యం అడిగితే "ముద్దవుతాయి, మీ అమ్మగారు ఊరుకోరు, పాతవి ఇస్తా ఉండు" అనేవాడు. ఆయన అలా వద్దన్నందుకే, "ఇది బాగుంది తీసుకెళ్ళు" అన్నప్పుడు మారుమాట్లాడకుండా తీసుకెళ్ళేవాళ్ళం. ట్రేడర్ జోస్ చేసిందల్లా ఆ "వద్దు" అనే మాటని పెద్ద ఎత్తున, ముందుగానే చెప్పి పెట్టడం. అలమారలో లేని ప్రతి వస్తువూ మన తరఫున ఎవరో చెప్పిన ఒక "వద్దు". కోటానుకోట్ల వస్తువులున్న నా షాపింగ్ సైట్లు ఇన్నేళ్ళలో ఏ కస్టమరుకీ "ఇది కొనకండి" అని చెప్పలేదు.

చెప్పే ప్రయత్నం జరగకపోలేదు. నేను పనిచేసిన ఒకచోట (పేరు అనవసరం) మా టీములో నలుగురం కలిసి ఒక ప్రతిపాదన పెట్టాం. ఎక్కువమంది కొని వెంటనే తిప్పి పంపేస్తున్న వస్తువుల పేజీలో "దీన్ని చాలామంది వెనక్కి ఇచ్చేస్తున్నారు" అని ఒక చిన్న లైను చూపిద్దాం అని. డేటా ఉంది, కోడు రెండు వారాల పని. మీటింగులో మమ్మల్ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "దీనివల్ల ఏ మెట్రిక్ పెరుగుతుంది?" నమ్మకం అన్నాం. దానికి డాష్‌బోర్డులో గడి లేదు. బ్యాక్‌లాగ్‌లోకి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. ట్రేడర్ జోస్ దగ్గర నేను ఏం కొంటానో చెప్పే ప్రొఫైల్ లేదు, నా పేరు కూడా వాళ్ళకి తెలియదు. నాకేం నచ్చుతుందో ఊహించడానికి వందలాది సర్వర్లు నడిపే కంపెనీల కన్నా నేను వాళ్ళ మాటే ఎక్కువ వింటాను. ఇది మా వృత్తికి కొంచెం సిగ్గుచేటైన విషయమే.

నమ్మకం ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి వాంకూవర్ కథ చాలు. కెనడాలో ట్రేడర్ జోస్ లేదు. మైక్ హాలట్ అనే ఆయన సరిహద్దు దాటి అమెరికా వచ్చి, వాన్ నిండా వీళ్ళ సరుకు పూర్తి ధరకి కొనుక్కుని, 2012 నుంచి వాంకూవర్‌లో "పైరేట్ జోస్" అని షాపు పెట్టి ఎక్కువ ధరకి అమ్మాడు. కంపెనీ 2013లో కేసు వేసింది. షాపుల్లోకి రానివ్వకపోతే మారువేషాలు వేసుకుని మరీ వెళ్ళేవాడు. బోర్డులో మొదటి అక్షరం తీసేసి "ఐరేట్ జోస్" అని కూడా నడిపాడు. చివరికి 2017లో మూసేశాడు. దొంగ సినిమా సీడీలు చూశాం గానీ, దొంగ బిస్కెట్ల షాపు ఎక్కడైనా విన్నామా? 2023లో 4 డాలర్లలోపు ఫ్రోజెన్ కింబాప్, అంటే కొరియా వాళ్ళ అన్నం చుట్టలు, దేశమంతటా అయిపోయాయి. 2024లో 3 డాలర్ల చిన్న గుడ్డసంచి కోసం పొద్దున్నే క్యూలు కట్టారు. "ఉన్నప్పుడే తీసుకో, రేపు ఉండకపోవచ్చు" అన్న కోడిగుడ్ల నాటి సూత్రమే అది.

ఇంతవరకూ చదివి "వీడికి ఆ కంపెనీ వాళ్ళు ఏమైనా ఇచ్చారా" అనుకుంటారేమో. నాణేనికి రెండో వైపు కూడా చూద్దాం.

సొంత పేరు మీద అమ్మడమంటే, అసలు తయారుచేసినవాడెవరో మనకి చెప్పకపోవడం. శెట్టిగారి చింతపండు ఏ ఊరి నుంచి వచ్చిందో అడిగితే చెప్పేవాడు, ఇక్కడ అది వ్యాపార రహస్యం. చిన్న చిన్న ఆహార కంపెనీలు కొన్ని, తమ సరుకు లాంటిదే తర్వాత ట్రేడర్ జోస్ సొంత పేరుతో తక్కువ ధరకి వచ్చిందని బహిరంగంగానే వాపోయాయి. 2023 వేసవిలో కుకీల్లో రాళ్ళు ఉండొచ్చని, సూపులో పురుగులు ఉండొచ్చని వరసగా సరుకులు వెనక్కి పిలిపించుకోవాల్సి వచ్చింది. నవ్వే క్రూ సంగతికొస్తే, 2022 జూలైలో మసాచుసెట్స్‌లోని హాడ్లీ షాపు ఉద్యోగులు ఓటు వేసి యూనియన్ పెట్టుకున్నారు. ఆ కంపెనీలో అదే మొదటిది. మొదట్లో జో పెట్టిన జీతాల నియమమే ఇంకా అలాగే ఉండుంటే వాళ్ళకి ఆ అవసరం వచ్చేదా అని అనిపిస్తుంది. 2024 జనవరిలో ఆ కంపెనీ లాయరు, అసలు కార్మిక సంబంధాల బోర్డు నిర్మాణమే రాజ్యాంగ విరుద్ధమని వాదించేదాకా వెళ్ళాడు. పువ్వుల చొక్కా కింద ఉన్నది మామూలు కంపెనీయే. మన ఇండియన్ ఫుడ్ విషయంలో వాళ్ళ రుచి బృందానికి వింధ్య దాటి కిందికి రావడం పెద్దగా అలవాటు లేదన్నది మా ఆవిడ కంప్లైంటు. గార్లిక్ నాన్, టిక్కా మసాలా, పాలక్ పనీర్ దొరుకుతాయి. పెసరట్టు కోసం వెతక్కండి.

అన్నిటికన్నా పెద్ద తేడా ఇంకోటుంది. శెట్టిగారు ఖాతా పుస్తకంలో రాసుకుని అప్పిచ్చేవాడు. నాన్నగారి జీతం ఆలస్యమైన నెలలో కూడా మా ఇంటికి బియ్యం వచ్చాయి. జో గారి కొట్టులో ఎంత నవ్వుతూ పలకరించినా, కార్డు డిక్లైన్ అయితే ఆ నవ్వు అప్పివ్వలేదు. వాళ్ళతో మనకున్నది పరిచయం కాదు, వ్యవహారం. లేఆఫ్ నోటీసు చేతిలో పట్టుకుని, వీసా గడువు రోజులు లెక్కపెట్టుకుంటున్న మనవాడెవడికైనా ఈ రెంటికీ తేడా బాగా తెలుస్తుంది. కాబట్టి ఆ కొట్టుని ఇష్టపడండి, భక్తి మాత్రం పెట్టుకోకండి.

అయినా దాని దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఉంది, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళం. మనం రాసే ప్రతి ప్రోడక్టులో సెట్టింగ్స్ పేజీ ఏటా పెరుగుతూనే ఉంటుంది. ఏది మంచిదో మనం తేల్చుకోలేనప్పుడల్లా యూజరు నెత్తిన ఒక ఆప్షన్ పెడతాం, దానికి "కస్టమైజేషన్" అని అందమైన పేరు పెడతాం. పది వేల ఫలితాలు చూపించి, ఫిల్టర్లు ఇచ్చి, ఇక నీ ఖర్మ అంటాం. ఏరడం కష్టమైన పని. ఏరినవాడి మీద తప్పొప్పుల బాధ్యత పడుతుంది. "ఇది మేం అమ్మం" అన్నప్పుడు ఆ అమ్మకం పోతుంది, పోయిన సంగతి డాష్‌బోర్డులో వెంటనే ఎర్రగా కనిపిస్తుంది. దానివల్ల వచ్చే నమ్మకం మాత్రం ఏళ్ళు పట్టి, ఏ గ్రాఫులోనూ కనపడకుండా వస్తుంది. జో దగ్గర ఆ ఓపిక ఉంది. షేర్ మార్కెట్లో లేని కంపెనీ కాబట్టి మూడు నెలలకోసారి ఎవరికీ లెక్క చెప్పుకోనక్కర్లేకపోవడం కూడా అందుకు ఒక కారణం కావొచ్చు.

హైదరాబాదులో ఇప్పుడు సరుకులు పది నిమిషాల్లో గుమ్మం ముందుకొస్తున్నాయి. సౌకర్యమే, కాదనను. నేనూ ఇంటికొచ్చినప్పుడు వాడతాను. కానీ ఆ యాప్‌లో చింతపండు నొక్కితే చింతపండే వస్తుంది, "సోమవారం దాకా ఆగు బాబూ" అనే మాట రాదు. ఆ మాట చెప్పేవాడికి జీతమివ్వడం దండగ ఖర్చని మా వృత్తివాళ్ళమే లెక్కలేసి చూపించాం. ఆ లెక్కలో ఎక్కడో తప్పుందని ఒక పువ్వుల చొక్కాల కొట్టు యాభై ఏళ్ళ పైనుంచీ చూపిస్తూనే ఉంది.

బ్యాక్‌లాగ్‌లో ఉన్న మా లైను సంగతంటారా, ఈసారి ప్లానింగులో మళ్ళీ పైకి తీయబోతున్నాను. ఏ మెట్రిక్ పెరుగుతుందని మళ్ళీ అడుగుతారు, తెలుసు. మీ ఆఫీసుల్లో ఎవరైనా ఈ ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పి గెలిచి ఉంటే, ఎలా చెప్పారో కాస్త నాకూ చెప్పండి.